నూర్జహాన్ గారి మీద నేను రాసిన రిపోర్టు

జీవిత బీమా కంపెనీలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. అందులో పదకొండేళ్ళు ఏజెంట్ల మీద వచ్చిన ఫిర్యాదులు విచారించే పని ఎక్కువగా నా నెత్తిన పడింది. ప్రమోషన్లు ఎలా వస్తాయి, ఏ సర్క్యులర్ ఏం చెబుతుంది, ఇవన్నీ మీకు ట్రైనింగ్‌లో కావలసినన్ని చెబుతారు. వాటి జోలికి నేను పోను. ట్రైనింగ్‌లో చెప్పని సంగతి ఒకటుంది. విచారణ చేసేవాడికీ ఒక కడుపుంటుంది, అందులో మంటుంటుంది. నా కడుపుమంట ఒక మనిషి లైసెన్సు మీదికి ఎలా వచ్చిందో చెబుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు చదివి, నన్ను నాలుగు తిట్టుకుని, తర్వాత తమ సంగతి తాము చూసుకుంటే చాలు.

ముందు నా గొప్ప

నేనేమీ పనికిమాలిన ఆఫీసర్ని కాను. ఆ మాట ముందే చెప్పుకోనివ్వండి, తర్వాత చెప్పుకోవడానికి మొహం ఉండదు.

గన్నవరం అవతల ఒక ఊళ్ళో ఏజెంటు ఒకతను పాలసీ రాశాడు. పాలసీ మొదలైన ఎనిమిదో నెలలోనే పాలసీదారు చనిపోయాడని క్లెయిము వచ్చింది. కాయితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఫొటో ఉంది, సంతకం ఉంది, డాక్టరు రిపోర్టు ఉంది. నేను క్లెయిము వేసినవాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. బస్సు దిగి నేరుగా మంగలి షాపుకి వెళ్ళి గడ్డం గీయించుకున్నాను. మాటల్లో ఆ పెద్దాయన పేరెత్తితే షాపాయన కత్తి ఆపి, "ఆయనాండీ! ఆయన కర్మకి కొడుకులిద్దరికీ గుండ్లు చేసింది నేనేనండీ, నిరుడు ఎండాకాలంలో" అన్నాడు. పాలసీ మొదలైంది ఆ ఏడు జనవరిలో. అంటే చచ్చిపోయిన మనిషికి ఆర్నెల్ల తర్వాత బీమా చేశారన్నమాట.

ఆ ఏజెంటు లైసెన్సు పోయింది, పోవలసిందే. ఈ కథ నేను ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. రెండో కథ మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు.

నాకెందుకంత కుళ్ళు

ఆఫీసరు కాకముందు నేనూ ఏజెంటునే. ఉయ్యూరులో మూడేళ్ళు సైకిలు హ్యాండిల్‌కి బ్యాగు తగిలించుకుని తిరిగాను. చెరుకు తోలిన రైతుల చేతికి డబ్బొచ్చే రోజులు చూసుకుని మరీ తిరిగాను. నన్ను వీధి మలుపులో చూడగానే అరుగు మీద ఉన్నవాళ్ళు లోపలికి పోయేవారు. "ఆయన ఊళ్ళో లేరండీ" అని ఇల్లాలు చెబుతుండగానే లోపలినుంచి ఆ ఆయన దగ్గు వినిపించేది. మూడేళ్ళలో నేను రాసిన పాలసీలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాటిల్లో సగం మా బంధువులవే. పరీక్ష రాసి ఆఫీసరునయ్యాక పీడ విరగడైందనుకున్నాను. ఇక నేను ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు, వాళ్ళే నా టేబులు దగ్గరికి వస్తారని సంబరపడ్డాను.

అలాంటి నా కళ్ళెదుట విజయవాడలో నూర్జహాన్ గారు తయారైంది. భర్త ఆటోనగర్‌లో డెంటింగ్ మేస్త్రీ. నడుం దెబ్బతిని ఆయన ఇంట్లో కూర్చుంటే ఈవిడ ఏజెన్సీ తీసుకుంది. చదివింది పదో తరగతి. పాత స్కూటీ ఒకటి, భుజానికి రెక్సిన్ సంచీ ఒకటి. ఆటోనగర్ చుట్టుపక్కల లేత్ మెషీన్ వాళ్ళూ, టైర్లవాళ్ళూ, బ్యాటరీలవాళ్ళూ, వాళ్ళ పెళ్ళాలూ అందరికీ ఆవిడ నూరక్క.

ఏడాదికోసారి జరిగే ఏజెంట్ల సభలో ఆవిడకి శాలువా కప్పే పని నాలుగేళ్ళు వరసగా నాకే వచ్చింది. ఫొటోలున్నాయి. అన్నిటిలోనూ ఆవిడ నవ్వుతూ ఉంటుంది, నేను ఆముదం తాగినట్టుంటాను.

ఒకసారి ఏదో క్లెయిము పనిమీద ఆవిడతో కలిసి ఆటోనగర్‌లో నడవాల్సి వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి "నూరక్కా, టీ తాగి పో", "అక్కా, మా అమ్మాయికి సీటొచ్చింది" అంటూ పిలుపులే పిలుపులు. ఒక మెకానిక్కు చేతుల గ్రీజు తుడుచుకుని, స్టూలు తెచ్చి, దాన్ని కూడా తుడిచి ఆవిడకి వేశాడు. పక్కన ఇస్త్రీ చొక్కాతో నేను నిలబడే ఉన్నాను. "సార్‌కి వెయ్యి నాయనా, నేను కూర్చోను" అని ఆవిడే అంది. దాంతో ఇంకా మండింది నాకు. ఆ స్టూలు మీద నేను కూర్చోలేదు. ఇంటికొచ్చాక కూడా అదే తలుచుకుని అన్నం సరిగా తినలేదు. ఒక స్టూలు కోసం! యాభై దాటిన మగాణ్ణి, సిగ్గులేదూ!

ఫిర్యాదు

లేత్ షాపు నడిపే వీరభద్రం అనే ఆయన మా ఆఫీసుకి ఉత్తరం రాశాడు. తన భార్య నాగమణి పేరు మీదున్న పాలసీ బాండుని ఏజెంటు నూర్జహాన్ తన దగ్గర పెట్టుకుని, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వడం లేదని, ఏదో మోసం ఉందని అందులో ఉంది.

బాండు పాలసీదారు దగ్గరే ఉండాలి. అది రూలు. ఏజెంటు తన ఇంట్లో పెట్టుకోకూడదు. ఆ తప్పుకి హెచ్చరికతో సరిపెడతారు. పాలసీదారు అడిగినా ఇవ్వకుండా దురుద్దేశంతో ఆపితే మాత్రం ఏజెన్సీ రద్దు చేస్తారు, పాత పాలసీల మీద ఏటా వచ్చే కమీషనూ పోతుంది. కాబట్టి తేలవలసిన సంగతి ఒక్కటే. నాగమణి తన బాండు తను అడిగిందా, లేదా?

మా డివిజన్ మేనేజరు శామ్యూల్ గారు ఫైలు నా చేతిలో పెట్టారు. నిదానం మనిషి, ఎవరినీ గట్టిగా అనరు. "చూడవయ్యా కోటేశ్వరరావూ, మన ఏజెంట్లలో మంచి పేరున్న మనిషి. కాయితం మీద పెట్టలేని సంగతేదైనా తెలిస్తే నోటితోనైనా నాకు చెప్పు. మింగెయ్యకు" అన్నారు. అలాగేనండీ అన్నాను. ఫైలు పట్టుకుని బయటికి వస్తుంటే నాకు లోపల పండగలా ఉంది. అబద్ధమెందుకు?

నోటీసు పంపించిన వారానికి ఆవిడ ఇంటికి వెళ్ళాను. అడగకముందే ఇనప్పెట్టె తీసి నా ముందు పెట్టింది. అందులో నలభై ఒక్క బాండ్లున్నాయి. ఒక్కోటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన పేరు రాసి ఉంది. అన్నీ ఆడవాళ్ళ పేర్లే. ఆ సంగతి నా కంటికి కనిపించింది, బుర్రకి పట్టలేదు.

"ఇవి మీ ఇంట్లో ఎందుకున్నాయి?" అన్నాను.

"దాచమన్నారండీ."

"ఎవరు దాచమన్నారు?"

"వాళ్ళేనండీ."

"ఎందుకు?"

ఆవిడ పెట్టెలో కవర్లు వరసగా సర్దింది. రెండోసారి అడిగితే, "ఇంట్లో పెట్టుకోవడం నా తప్పేనండీ. రాసుకోండి, సంతకం పెడతాను" అంది. మూడోసారి అడిగినా అదే జవాబు. ఎంత పొగరు అనుకున్నాను. బాండ్లన్నీ స్వాధీనం చేసుకుని ఆఫీసుకి పట్టుకొచ్చాను.

గొడుగు మర్చిపోయిన మనిషి

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని వినండి. ఆ ఆడవాళ్ళందరినీ సాక్ష్యం ఇవ్వడానికి ఆఫీసుకి రమ్మని ఉత్తరాలు పంపాను. మన అలవాటు ప్రకారం ప్రతి కవరు మీదా ఫలానావారి భార్య అని రాయించాను. ఆ ఉత్తరాలు ఎవరు తీసుంటారో, ఎవరు చదివుంటారో వేరే చెప్పాలా? వచ్చిన ప్రతి మనిషీ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడు ముందు కుర్చీలో, ఆవిడ వెనక కుర్చీలో. బాండు ఏజెంటుకి మీరే ఇచ్చారా అని అడిగితే అందరి జవాబూ ఒకటే: "నాకు తెలీదండీ."

మంగలి షాపులో ఆరా తీసిన వాణ్ణి, ఇంతమంది ఒకే మాట ఎందుకంటున్నారని ఆలోచించనక్కర్లేదా? ఆలోచించలేదు. నాకు కావలసిన జవాబు వస్తుంటే ఆలోచించడం దేనికి?

నాగమణి కూడా అలాగే వచ్చింది. సన్నగా, నీరసంగా ఉంది. వీరభద్రం అరగంట మాట్లాడాడు. ఆవిడ "తెలీదండీ" అని ఒక్క మాటంది. సంతకం పెట్టి ఇద్దరూ వెళ్ళిపోయారు. పది నిమిషాల తర్వాత ఆవిడ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది.

"గొడుగు మర్చిపోయానండీ."

కుర్చీ పక్కన నిజంగానే గొడుగుంది. తీసుకుని, తలుపు దగ్గర ఆగింది.

"సార్, ఆయన కింద బండి దగ్గరున్నారు. ఒక్క మాట. బాండు నేనే ఇచ్చానండీ నూరక్కకి. నేను అడిగితే తప్ప ఎవరికీ ఇవ్వద్దన్నాను. ఈయన వెళ్ళి అడిగాడు, ఆవిడ ఇవ్వలేదు. నా మాట మీదే ఇవ్వలేదండీ."

"మరి ఇందాక తెలీదన్నారేం?"

"ఆయన పక్కనుంటే ఎలా చెప్తానండీ?"

"మీ ఇంట్లోనే పెట్టుకుంటే ఏం? మీ సంతకం లేకుండా దానిమీద ఎవరూ లోను తీసుకోలేరు కదా?"

ఆవిడ నవ్వింది. పిచ్చివాణ్ణి చూసి నవ్వినట్టే నవ్వింది. "బాండు ఇంట్లో ఉంటే సంతకం పెట్టించడం ఎంతసేపండీ? వద్దని అనాలంటే నాకు నోరు రాదు. బాండు నా దగ్గర లేదని అనాలంటే వస్తది. మేమందరం అంతేనండీ. నా పేరు మాత్రం రాయకండి సార్, మీకు దణ్ణం పెడతాను" అని చకచకా దిగి వెళ్ళిపోయింది.

అంటే కేసు తేలిపోయింది. పాలసీదారు బాండు అడగలేదు సరికదా, ఇవ్వద్దని చెప్పింది. నూర్జహాన్ గారు నోరెందుకు విప్పలేదో కూడా తెలిసింది. ఒక్కరి సంగతి చెబితే నలభై ఒక్క ఇళ్ళల్లో గొడవ. అందుకని తన లైసెన్సు పోతున్నా ఊరుకుంది.

మంచి మనిషెవడైనా ఆ క్షణంలో ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంటాడు. నాకేమనిపించిందో చెబుతాను. నలభై ఒక్కమంది ఆడవాళ్ళు తమ గుట్టంతా తీసుకెళ్ళి ఈవిడ పెట్టెలో పెట్టారే, మూడేళ్ళు తిరిగితే నాకు ఒక్క గుమ్మం కూడా తెరుచుకోలేదే అనిపించింది. ఒళ్ళంతా మండిపోయింది.

రిపోర్టులో నాగమణి మొదట చెప్పిన మాటే రాశాను. గొడుగు కోసం వచ్చి చెప్పింది రాయలేదు. పేరు రాయొద్దన్నది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పేరు లేకుండా రాయొచ్చు. శామ్యూల్ గారి చెవిన వేయొచ్చు. రెండూ చేయలేదు. "ఏజెంటు ఎటువంటి సంజాయిషీ ఇవ్వలేదు. దురుద్దేశం రుజువైంది" అని రాశాను. ఆ పైన నా సొంత తెలివితో ఒక వాక్యం చేర్చాను: బాండ్లన్నిటినీ వెంటనే పాలసీదారుల ఇంటి చిరునామాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపవలెను.

పంపించేశారు.

నలభై రెండోది

ఏజెన్సీ రద్దు చేస్తూ ఆర్డరు వచ్చింది. ఆ ఆదివారం పొద్దున టిఫిను తింటూ మా ఆవిడ రాజ్యలక్ష్మికి చెప్పాను. రాజ్యం పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. "చూశావా, ఎంత పేరున్నా నా దగ్గర కుదరదు. నలభై ఒక్క బాండ్లు దాచిపెట్టింది మహాతల్లి" అన్నాను. పెసరట్టు బాగుందని కూడా అన్నాను.

రాజ్యం లేచి లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టింది. పైన తన పేరుంది.

"నలభై ఒకటి కాదండీ, నలభై రెండు" అంది.

కవరు విప్పి చూస్తే లోపల బాండు.

"నోటీసులో మీ పేరు చూసి ఆవిడే తెచ్చిచ్చింది. 'అమ్మగారూ, సారే వస్తున్నారంట, ఇది అక్కడ దొరికితే మీకిబ్బంది' అంది. మీ గురించి ఒక్క మాట కూడా చెడ్డగా అనలేదు."

"నేను బీమా ఆఫీసర్నే! నా దగ్గర దాచుకోకుండా వేరేవాళ్ళ దగ్గర..."

"నా మొదటి పాలసీ ఏమైందండీ?"

దానిమీద మా తమ్ముడి చేపల చెరువు కోసం లోను తీశాను. చెరువు దెబ్బతింది, లోను తీరలేదు, పాలసీ పోయింది. "నువ్వు సంతకం పెట్టావు కదా" అన్నాను.

"పెట్టాను. అన్నం తింటుంటే ప్లేటు పక్కన కాయితం పెట్టి పెన్ను చేతికిచ్చారు. అందులో అడగడం ఎక్కడుందండీ?"

కోప్పడదామని నోరు తెరిచాను గానీ కోపం రాలేదు. వీరభద్రం మొహం గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మొహాన్ని నా టేబులుకి అవతల చూశాను. ఆ ఆదివారం పూట మాత్రం వాడికీ నాకూ తేడా ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు.

అంత జరిగినా ముందు పుట్టింది పశ్చాత్తాపం కాదు. మళ్ళీ కుళ్ళే. బయటివాళ్ళు సరే, నా పెళ్ళాం కూడానా!

శామ్యూల్ గారి గదిలో

సోమవారం శామ్యూల్ గారి దగ్గరికి వెళ్ళి, ఒక సాక్ష్యం వదిలేశానని చెప్పాను. ఆర్డరు ఇచ్చేశాక ఆయన చేతిలో ఏమీ ఉండదు, అప్పీలు జోనల్ ఆఫీసు చూడాలి. "ఎందుకు వదిలేశావయ్యా?" అన్నారు.

"కుళ్ళండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ మాట ఫైల్లో ఎలా పెట్టమంటావు? పొరపాటున అని రాయి."

"పొరపాటంటే ఆర్డరు నిలబడుతుందండీ. సాక్ష్యం ముందే నా చేతిలో ఉందని, కావాలనే దాచానని రాస్తేనే పోతుంది."

"నీకు సర్వీసు ఎంతుంది?"

"నాలుగేళ్ళండీ."

"ఆలోచించుకో" అన్నారు. ఆలోచిస్తే రాయనని నాకు తెలుసు. అక్కడే కూర్చుని రాశాను. ఏజెంటుకున్న మంచి పేరు చూసి ఓర్వలేక, ఆవిడకి అనుకూలమైన సాక్ష్యాన్ని రిపోర్టులో చేర్చలేదని, ఆ సాక్షి పేరు బయటపెట్టనని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. అది టైపు చేసిన అబ్బాయి రెండుసార్లు నా మొహంలోకి చూశాడు. సాయంత్రానికి ఆఫీసంతా తెలిసింది.

నాకు ఇంక్రిమెంటు ఆపారు, విచారణల పని తీసేశారు. నూర్జహాన్ గారి అప్పీలు గెలిచింది. బాండ్లు ఇంట్లో పెట్టుకున్నందుకు హెచ్చరిక మాత్రం ఉంచి, ఏజెన్సీ తిరిగి ఇచ్చారు. అందుకు ఏడు నెలలు పట్టింది.

ఆవిడ ఇంట్లో

క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. నేను దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. ఆవిడ విని, "నాకు లైసెన్సు వచ్చిందండీ. నాగమణికి ఏం వచ్చింది?" అంది.

పోస్టులో వెళ్ళిన బాండు వీరభద్రమే అందుకున్నాడు. వారం తిరక్కుండా సంతకం పెట్టించి లోను తీశాడు. ఆ పాలసీ డబ్బుతో కూతురిని నర్సింగులో చేర్చాలన్నది నాగమణి ఆలోచన. ఆ అమ్మాయి ఇప్పుడు బట్టల షాపులో నిలబడుతోంది. నేను సొంత తెలివితో చేర్చిన ఒక్క వాక్యం చేసిన పని అది. జోనల్ ఆఫీసు నా రిపోర్టుని కొట్టేసింది గానీ ఆ వాక్యాన్ని ఎవరు కొట్టేయగలరు?

"మా ఆవిడ బాండు సంగతి నాతో ఒక్క మాట చెప్పుంటే మీ మీద అలా రాసేవాణ్ణి కాదు కదండీ" అన్నాను.

"అమ్మగారు నా కస్టమరండీ. కస్టమర్ మాట వాళ్ళాయనకి ఎలా చెప్తాను?" అంది. తర్వాత, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది: "అంత కుళ్ళుకోవడానికి నా దగ్గర ఏముందండీ సార్?"

టీ తాగి వచ్చేశాను.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. ఆడవాళ్ళ సాక్ష్యం కావాలంటే వాళ్ళ దగ్గరికి మీరు వెళ్ళండి, ఒంటరిగా మాట్లాడే వీలు చూడండి. ఎవరి మీదైనా ఫైలు చేతికొచ్చినప్పుడు లోపల పండగలా అనిపిస్తే, ఆ ఫైలు వెంటనే తిరిగి ఇచ్చేయండి. కుళ్ళు పోతుందా అంటే పోదు. నాకు పోలేదు. ఆటోనగర్ మీదుగా వెళ్తుంటే ఆవిడ స్కూటీ ఎక్కడైనా ఆగి ఉంటే ఇప్పటికీ నా మెడ అటే తిరుగుతుంది.

హెచ్చరిక వచ్చాక ఆవిడ ఒక్క బాండు కూడా తన ఇంట్లో పెట్టుకోవడం లేదు. ఆడవాళ్ళే ఒకరిది ఒకరింట్లో దాచుకునేలా ఏర్పాటు చేసింది. ఎవరిది ఎవరింట్లో ఉందో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు. దానికి ఏ రూలూ అడ్డు రాదు, నేను వెతికి చూశాను. మా బీరువాలో పై అరలో కూడా ఎవరిదో ఒక కవరుంది. ఎవరిదని అడగొద్దని రాజ్యం చెప్పింది, నేను అడగలేదు. రాజ్యం బాండు మాత్రం మా ఇంట్లో లేదు.

నిరుడు రిటైరయ్యాను. మొన్న కాఫీ తాగుతూ, ఎలాగో ధైర్యం చేసి, "ఇక నీ బాండు మన ఇంటికి తెచ్చుకోవచ్చు కదా" అన్నాను. గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"నూర్జహాన్ గారిని అడిగి చెప్తానండీ" అంది.